ఆక్యుపేషనల్ థెరపీ చదివాక ఏ విభాగం? ఇష్టంతో పాటు లెక్క చూడాల్సినవి

క్లుప్తంగా

జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవారు రోజువారీ పనులు చేసుకోగలిగేలా చూసే చికిత్స ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో దీనికి డిగ్రీ ఒక్కటే. చట్టం కూడా విభాగాలను విడదీయదు. అయినా పట్టా చేతికొచ్చిన రెండు మూడేళ్లకే దాదాపు ప్రతి థెరపిస్టుకూ ఏదో ఒక విభాగం ముద్ర పడిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ ముద్ర ఎక్కువగా పిల్లల విభాగానిది. దీనికి అభిరుచి కొంత కారణం. ఫీజు ఎవరు కడుతున్నారు, మొదటి ఉద్యోగం ఎక్కడ దొరికింది అన్నవి అంతకన్నా పెద్ద కారణాలు. చెయ్యి, పక్షవాతం, మానసిక ఆరోగ్యం, వృద్ధుల సంరక్షణ విభాగాల్లో అవసరం ఉన్నా ఉద్యోగాలు ఆ నిష్పత్తిలో లేకపోవడానికి కారణాలూ, విదేశాలకు వెళ్లాలనుకునేవారి విషయంలో లెక్క ఎలా మారుతుందన్నదీ ఈ వ్యాసంలో చూడొచ్చు.

డిగ్రీకి విభాగం లేదు, ఉద్యోగానికి ఉంది

పక్షవాతం వచ్చిన మనిషి మోచెయ్యి ఎంతవరకు వంగుతోందన్నది ఒక ప్రశ్న. ఆ చేత్తో అన్నం కలుపుకోగలడా, చొక్కా గుండీలు పెట్టుకోగలడా, మళ్లీ దుకాణంలో గల్లా పెట్టె దగ్గర కూర్చోగలడా అన్నది ఇంకో ప్రశ్న. ఆక్యుపేషనల్ థెరపీ రెండో ప్రశ్న నుంచి మొదలవుతుంది. ఫిజియోథెరపీతో కలిపి పొరబడటం మామూలే. ఆసుపత్రి బిల్లుల్లో కూడా రెండింటినీ ఒకే పద్దు కింద వేసే చోట్లు ఉన్నాయి.

దేశంలో ఈ చదువు 1950లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ చొరవతో మొదలైంది. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్య దేశాలు పది. వాటిలో భారత్ ఒకటి. బీఓటీ, అంటే ఈ డిగ్రీ, చాలాకాలంగా నాలుగేళ్ల చదువు, ఆపై 6 నెలల ఇంటర్న్‌షిప్‌గా నడిచింది. ప్రపంచ సమాఖ్య గుర్తింపు ఉన్న కోర్సులో విద్యార్థి కనీసం 1,000 గంటలు రోగుల దగ్గర పనిచేయాలి. ఆ గంటల్లో పిల్లల వార్డు, న్యూరో (మెదడు, నరాలు), ఎముకలు, మానసిక వైద్యం అన్నీ కొంచెం కొంచెం తగులుతాయి. విభాగం పేరు అధికారికంగా పట్టా మీదికి వచ్చేది డిగ్రీ తర్వాతి రెండేళ్ల పీజీ కోర్సు ఎంఓటీలోనే: న్యూరో, పిల్లలు, ఆర్థో లేదా చెయ్యి, మానసిక ఆరోగ్యం, కొన్నిచోట్ల కార్డియో, సామాజిక పునరావాసం.

2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తిని పది వర్గాల్లో ఒకటిగా విడిగా గుర్తించింది. 3 నుంచి 6 ఏళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటలు చదివినవారిని ఆరోగ్య వృత్తి నిపుణులుగా నిర్వచించింది. రిజిస్టరులో పేరు ఎక్కడమన్నది వృత్తి పేరుతోనే, విభాగం పేరుతో కాదు. అంటే బీఓటీ పూర్తిచేసి రిజిస్టరైన ఎవరైనా రేపటి నుంచి ‘పిల్లల థెరపిస్టు’ అని బోర్డు పెట్టుకోవచ్చు. ఎల్లుండి ‘హ్యాండ్ థెరపిస్టు’ అనీ మార్చుకోవచ్చు. చట్టపరమైన గోడ లేదు కాబట్టి విభాగాల మధ్య గోడ అనుభవమే. ఆ అనుభవం మొదటి ఉద్యోగంలో పోగుపడుతుంది. అందుకే ‘ముందు ఏదో ఒకటి చేరదాం, తర్వాత చూసుకుందాం’ అనుకుని తీసుకున్న నిర్ణయమే చాలామందికి కెరీర్ నిర్ణయం అవుతోంది.

అందరూ పిల్లల వైపే ఎందుకు?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలోనే కాదు, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా పిల్లల థెరపీ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. దీని వెనక మూడు మార్పులు ఉన్నాయి.

మొదటిది చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టంలో 7 వైకల్యాలే ఉండేవి. ఆటిజం వాటిలో లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి ఆటిజాన్నీ, నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులనూ చేర్చింది. సర్టిఫికెట్ కోసమైనా కుటుంబాలు నిపుణుల దగ్గరికి రావాల్సి వచ్చింది.

రెండోది, సమస్య ఎంత విస్తృతమో తెలియడం. ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ 2018లో వెలువరించిన అధ్యయనం హైదరాబాద్ సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో పిల్లలను పరిశీలించింది. మూర్ఛ, వినికిడి లోపం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలకు వచ్చే ఇబ్బంది) వంటి తొమ్మిది నాడీ ఎదుగుదల సమస్యల్లో కనీసం ఒకటి ఉన్న పిల్లల శాతం ప్రాంతాన్ని బట్టి 2 నుంచి 6 ఏళ్ల లోపు వారిలో 2.9 నుంచి 18.7 వరకు, 6 నుంచి 9 ఏళ్ల వారిలో 6.5 నుంచి 18.5 వరకు తేలింది. ప్రాంతాల మధ్య తేడా చాలా ఎక్కువే. అయినా కనిష్ఠ సంఖ్యను తీసుకున్నా, ఉన్న థెరపిస్టులు చాలరు.

మూడోది, అసలైనది, డబ్బు దారి. వయసు మళ్లిన తండ్రికి పక్షవాతం వస్తే కుటుంబం ఒకటి రెండు నెలలు సిట్టింగులు చేయించి ఆపేస్తుంది. మూడేళ్ల పిల్లవాడు మాట్లాడటం లేదంటే అదే కుటుంబం మూడు నాలుగేళ్ల పాటు నెలనెలా ఫీజు కడుతుంది, అప్పు చేసైనా కడుతుంది. ఆరోగ్య బీమా ఎక్కువగా ఆసుపత్రిలో చేరే చికిత్స చుట్టూ అల్లినది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ బీమాలో థెరపీ ఖర్చుకు కొంత చోటున్నా, వారానికి మూడు నాలుగు సెషన్ల లెక్కకు అది ఒక మూలకే సరిపోతుంది. కాబట్టి పిల్లల విభాగం దాదాపు పూర్తిగా తల్లిదండ్రుల జేబు మీద నడిచే మార్కెట్. ఆ మార్కెట్టే కొత్త పట్టభద్రులకు ఉద్యోగాలు ఇస్తోంది.

ఇక్కడ లాభాలు నిజమైనవే. ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. రాత్రి డ్యూటీలు ఉండవు. పెళ్లయ్యాకో, బదిలీ మీదో ఊరు మారినా పనికొచ్చే నైపుణ్యం. రెండు గదులు, ఒక ఊయల, కొన్ని బొమ్మలు, చాపలతో సొంతంగా మొదలుపెట్టొచ్చు. ఈ వృత్తిలో అమ్మాయిలు ఎక్కువగా చేరుతున్న పరిస్థితిలో ఈ వెసులుబాటును చిన్నచూపు చూడలేం.

కష్టం వేరేచోట ఉంది. మంచి శిక్షకులున్న సెంటర్లు లేకపోలేదు. అయితే సెషన్ల సంఖ్య మీదే ఆదాయం ఆధారపడిన చోట, ముప్పావు గంట చొప్పున పిల్లల వెనక పిల్లలు వస్తూనే ఉంటారు. పిల్లవాడిని గమనించి అర్థం చేసుకోవడానికి, పరీక్షించడానికి, ఇంటికి వెళ్లి చూడటానికి, బడి టీచరుతో మాట్లాడటానికి బిల్లు ఉండదు. కొత్త థెరపిస్టు చేతికి ముందే తయారుచేసిన కార్యక్రమాల పట్టిక వస్తుంది. మూడేళ్ల తర్వాత అనుభవ ధ్రువపత్రం వస్తుంది గానీ, తన తీర్పుతో ఒక పిల్లవాడికి లక్ష్యం నిర్ణయించిన అనుభవం వచ్చి ఉండకపోవచ్చు.

ప్రభుత్వ వైపు చూస్తే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలంటుంది. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న మేధో వైకల్య జాతీయ సంస్థ, నెల్లూరులోని సమ్మిళిత ప్రాంతీయ కేంద్రం వంటివి కేంద్ర ప్రభుత్వానివి. వీటిలో ఉద్యోగాలు కొద్ది, అందులోనూ కాంట్రాక్టువి ఎక్కువ. కానీ ఒక పిల్లవాడిని అన్ని కోణాల్లో చూసే బృందం మధ్య పని నేర్చుకోవాలనుకుంటే ఇలాంటి చోట గడిపిన ఏడాది విలువ వేరు.

సర్టిఫికెట్లు, రుజువులు

పిల్లల విభాగంలో చేరిన వెంటనే ఎదురయ్యేది కోర్సుల ఒత్తిడి. సెన్సరీ ఇంటిగ్రేషన్, ఎన్‌డీటీ (న్యూరో డెవలప్‌మెంటల్ ట్రీట్‌మెంట్, కదలికలను సరిదిద్దే పద్ధతి) అన్న రెండు పేర్లు ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ కనిపిస్తాయి. ఈ కోర్సులు ఖరీదైనవి. నెలల జీతం పోసే ముందు వీటి వెనక రుజువు ఏమిటో తెలిసి ఉండటం మంచిది.

సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతం అమెరికా థెరపిస్టు జీన్ ఏయర్స్‌ది, 1970ల నాటిది. స్పర్శ, కదలిక, సమతుల్యత నుంచి వచ్చే సంకేతాలను మెదడు సరిగా కూర్చుకోలేకపోతే నేర్చుకోవడం దెబ్బతింటుందన్నది దాని మూలం. 2012లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ దీనిపై జాగ్రత్తగా మాట్లాడింది: ‘సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్’ అని విడిగా రోగ నిర్ధారణ చేయవద్దనీ, ఇలాంటి చికిత్సను సమగ్ర ప్రణాళికలో ఒక భాగంగా వాడొచ్చు గానీ పరిశోధన పరిమితంగానే ఉందని తల్లిదండ్రులకు చెప్పాలనీ అంది. ఆ మరుసటి ఏడాదే ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లో ఇంద్రియ స్పందనల తేడాలను చేర్చారు. అంటే సమస్య ఉందన్నది అంగీకారమే, దానికి ఈ చికిత్స ఎంత పనిచేస్తుందన్న దగ్గరే వాదన. ఊయల, బంతులు, బ్రష్షు ఉన్నంత మాత్రాన అది ఏయర్స్ పద్ధతి కాదన్న సంగతి కూడా చాలా సెంటర్లలో మరుగున పడుతోంది.

సెరిబ్రల్ పాల్సీ విషయంలో బొమ్మ ఇంకా స్పష్టంగా ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నొవాక్ బృందం 2013లో, మళ్లీ 2020 దరిదాపుల్లో చికిత్సలన్నిటినీ జల్లెడ పట్టి, ట్రాఫిక్ లైట్ల మాదిరి రంగులు వేసింది. పిల్లవాడు చేయాలనుకుంటున్న పనినే సాధన చేయించడం, రెండు చేతులతో పని, బాగున్న చేతిని కట్టి బలహీనమైన చేత్తో చేయించడం, ఇంటి కార్యక్రమాలు ఆకుపచ్చలోకి వచ్చాయి. బోబాత్ దంపతుల పేరుతో తెలిసిన సంప్రదాయ ఎన్‌డీటీకి ఆ రంగు దక్కలేదు. విచిత్రమేమిటంటే ఉద్యోగ మార్కెట్‌లో ఎక్కువ విలువ ఉన్న సర్టిఫికెట్టు రుజువుల పట్టికలో వెనకబడింది, ఇంటి కార్యక్రమం రాయడానికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

న్యూరో: అవసరం పెద్దది, ఫీజు కట్టే కాలం చిన్నది

పక్షవాతం, తల గాయం, వెన్నుపాము గాయం, పార్కిన్సన్స్ ఈ విభాగం కిందికి వస్తాయి. ఆసుపత్రి బృందంలో పనిచేయాలనుకునేవారికి ఇది సహజమైన దారి. ఇక్కడ నేర్చుకున్నది వేరే విభాగాలకు మోసుకెళ్లడం కూడా తేలిక. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం, కండరాల బిగుతును అదుపు చేయడం, మరపు, ఏమరుపాటు గుర్తించడం తెలిసిన థెరపిస్టు వృద్ధుల సంరక్షణలోకి దాదాపు నేరుగా వెళ్లొచ్చు.

పద్ధతి పనిచేస్తుందని రుజువైనా, దాన్ని అమలుచేసే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఈ విభాగంలో బాగా కనిపిస్తుంది. పక్షవాతం వచ్చిన 3 నుంచి 9 నెలల మధ్య ఉన్న 222 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. రెండు వారాల పాటు బాగున్న చేతికి తొడుగు వేసి, మేలుకొని ఉన్న సమయంలో 90 శాతం వరకు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు, రోజుకు 6 గంటల దాకా శిక్షణ ఇచ్చారు. మామూలు చికిత్స పొందినవారి కన్నా మేలు జరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. మన దగ్గర రోజుకు 6 గంటల థెరపీకి బిల్లు కట్టే బీమా లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ నమూనా కూడా శస్త్రచికిత్సలు, ఆసుపత్రి ప్యాకేజీల మీద కట్టినదే. నెలల తరబడి సాగే పునరావాసం అందులో ఇమడటం కష్టం. అందుకే న్యూరో థెరపిస్టు రోజులో పెద్ద భాగం రోగి కుటుంబానికి నేర్పడంలో గడుస్తుంది. అలా నేర్పడం చేతనైనవారే ఈ విభాగంలో నిలదొక్కుకుంటారు.

తెలంగాణలో దీనికి ప్రత్యేకమైన కోణం ఒకటుంది. తాటిచెట్టు మీద నుంచి జారిపడి వెన్నుపాము దెబ్బతిన్న గీత కార్మికులు ప్రతి పునరావాస వార్డుకూ పరిచితులే. చక్రాల కుర్చీ ఇచ్చి పంపడంతో వారి సమస్య తీరదు. ఊళ్లో గడప ఎంత ఎత్తు, మరుగుదొడ్డి కింద కూర్చునేదా, స్నానానికి నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, చెట్టెక్కలేని మనిషికి బతుకుదెరువేమిటి అన్నవన్నీ ఆక్యుపేషనల్ థెరపిస్టు ప్రశ్నలే. వార్డులో కూర్చుని వాటికి జవాబు దొరకదు.

చెయ్యి: సర్జన్ ఉన్నచోటే

చెయ్యి విభాగం చిన్నదైనా పని స్పష్టంగా ఉంటుంది. తెగిన స్నాయువును కుట్టిన సర్జన్ పని ఒక పూటలో అయిపోతుంది. కుట్టు తెగకుండా, వేలు బిగుసుకుపోకుండా మధ్యలో నడిపించే దాదాపు 12 వారాల పని థెరపిస్టుది. శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకే కదలిక మొదలుపెట్టాలి. వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ షీటుతో చేతికి సరిపోయే స్ప్లింట్ (చేతిని సరైన భంగిమలో ఉంచే తొడుగు) అక్కడికక్కడే చేయగలగాలి. గడ్డి కోసే యంత్రంలోనో, చెరకు రసం మిషన్‌లోనో, ఫ్యాక్టరీ ప్రెస్సులోనో నలిగిన చేతులు ఇక్కడికి వస్తాయి.

ఈ విభాగానికి మన నేలతో పాత సంబంధం ఉంది. 1940ల చివర్లో వెల్లూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లకు స్నాయువు మార్పిడి శస్త్రచికిత్సలు మొదలుపెట్టినప్పుడు, ఆపరేషన్ తర్వాతి శిక్షణ లేకపోతే ఆ వేళ్లు పనిచేయవని తేలింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి, పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు వంటి చోట్ల కుష్ఠు ఆసుపత్రులు దశాబ్దాలుగా ఇలాంటి రోగులను చూశాయి. 2005లో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా నిర్మూలన స్థాయికి చేరిందని దేశం ప్రకటించుకుంది. కొత్త కేసులు ఆగిపోలేదు, ఆ నైపుణ్యాన్ని నేర్పే చోట్లు మాత్రం తగ్గుతూ వచ్చాయి.

పరిమితి ఏమిటంటే, చేతి సర్జన్ లేని ఊళ్లో హ్యాండ్ థెరపిస్టుకు పని లేదు. కోయంబత్తూరు వంటి కొన్ని నగరాల్లో పెద్ద కేంద్రాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ప్రధానంగా హైదరాబాద్‌లోనే. ఊరు మారే అవకాశం ఉన్నవారు ఈ విభాగాన్ని ఎంచుకునే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మానసిక ఆరోగ్యం: పుట్టిల్లు, అయినా ఖాళీ

ఆక్యుపేషనల్ థెరపీ మొదటి అడుగులు మానసిక వైద్యశాలల్లోనే పడ్డాయి. 1917లో అమెరికాలో ఈ వృత్తికి తొలి సంఘం పెట్టినవారిలో మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, మానసిక వైద్యశాలల్లో పనిచేసిన ఎలినార్ క్లార్క్ స్లాగిల్ ముఖ్యులు. పనిలేని రోజు రోగిని మరింత కుంగదీస్తుందన్నది వారి పరిశీలన. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు, పోలియో ఈ వృత్తిని శరీర పునరావాసం వైపు తిప్పాయి. 1965లో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వచ్చాక అమెరికాలో డబ్బు కూడా ఆ వైపే ప్రవహించింది. ఈనాడు అక్కడ మానసిక ఆరోగ్యంలో ఉన్న థెరపిస్టుల వాటా చాలా చిన్నది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ మానసిక వైద్య బృందాల్లో థెరపిస్టు ఉద్యోగాన్ని నిలబెట్టింది కాబట్టి అక్కడ ఇప్పటికీ ఇది పెద్ద విభాగాల్లో ఒకటి. ఒకే వృత్తి, ఒకే సిద్ధాంతం, తేడా ఉద్యోగం సృష్టించినవారిలో ఉంది.

మన దగ్గర 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీ లాంటి నివాసాలు), ఆసరా నివాసాలు, ఇంటి వద్ద పునరావాసం రోగి హక్కు అంది. చట్టం రాసినంత వేగంగా ఉద్యోగాలు రాలేదు. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు పెద్దవే అయినా ఈ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రైవేటు ఆసుపత్రికి గ్రూపు సెషన్‌కు బిల్లు వేయడం ఎలాగో తెలియదు. బెంగళూరు నిమ్హాన్స్‌లోనో, చెన్నైలోని స్వచ్ఛంద సంస్థల్లోనో శిక్షణ పొందినవారు తిరిగొచ్చి ఇక్కడ సరిపడే చోటు వెతుక్కోవాల్సిన స్థితి.

అయినా ఈ విభాగాన్ని పూర్తిగా పక్కన పెట్టడం తొందరపాటు. మత్తు విముక్తి కేంద్రాలు, స్కిజోఫ్రెనియా రోగుల దీర్ఘకాల నివాసాలు నగరాల చుట్టూ పెరుగుతున్నాయి. వ్యాధితో ఉన్న మనిషిని రోజువారీ పనిలో నిలబెట్టడం తెలిసిన థెరపిస్టు న్యూరోలోనూ, పిల్లల దగ్గరా బాగా పనిచేస్తారు. యజమానులు దానికి ఇంకా ధర కట్టడం లేదంతే.

వృద్ధులు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతాన సాఫల్య రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండూ జనాభా తగ్గకుండా ఉండటానికి కావాల్సిన 2.1 అనే భర్తీ స్థాయికి కిందే, అంటే జనాభాలో వృద్ధుల వాటా పెరుగుతుంది. పిల్లలు డాలస్‌లోనో, సిడ్నీలోనో ఉండి తల్లిదండ్రులు గుంటూరులో, కరీంనగర్‌లో ఒంటరిగా ఉన్న ఇళ్లు చాలానే. ఇంట్లో పడిపోకుండా స్నానాల గది మార్చడం, మతిమరుపు ఉన్నవారి దినచర్య సర్దడం, చూసుకునే మనిషికి నేర్పడం ఇందులోని పని. ప్రత్యేకమైన ఉద్యోగ మార్కెట్ ఇంకా పూర్తిగా ఏర్పడలేదు. న్యూరో అనుభవంతో మొదలుపెట్టి ఇటు తిరిగేవారే ఎక్కువ. ఫీజు విదేశాల్లో ఉన్న సంతానం కడుతోంది కాబట్టి ఇంటికొచ్చే థెరపీ ఇక్కడ ముందుగా నిలదొక్కుకునే అవకాశం ఉంది.

డబ్బు దారి మారితే విభాగం తలకిందులు

అమెరికాలో 1975 నాటి విద్యా చట్టం వైకల్యం ఉన్న పిల్లలకు బడిలో అవసరమైన అనుబంధ సేవల్లో ఆక్యుపేషనల్ థెరపీని చేర్చింది. ఆ ఒక్క నిబంధన బడుల్లో వేల ఉద్యోగాలు సృష్టించింది. అదే దేశంలో 2019 అక్టోబరు 1న వృద్ధుల నర్సింగ్ కేంద్రాలకు మెడికేర్ చెల్లించే పద్ధతి మారింది. అంతకుముందు ఎన్ని నిమిషాల థెరపీ ఇస్తే అంత ఎక్కువ చెల్లింపు. కొత్త పద్ధతిలో రోగి స్థితిని బట్టి చెల్లింపు. నిమిషాలకు విలువ పోగానే చాలా కేంద్రాలు థెరపిస్టులను తగ్గించాయి, పనిగంటలు కోశాయి. రోగుల అవసరం ఆ రోజు రాత్రికి రాత్రి తగ్గలేదు.

మన పిల్లల సెంటర్లకు ఈ అనుభవం దూరమైనది కాదు. తల్లిదండ్రుల జేబు మీద నిలిచిన మార్కెట్ ఒక ఆర్థిక కుదుపుతో కుంచించుకుపోవచ్చు. లేదా బీమా సంస్థలు ఔట్‌పేషెంట్ థెరపీకి చెల్లించడం మొదలుపెడితే, ఫలితాల నమోదు అడుగుతాయి. అప్పుడు కొలతలు రాసి చూపగలిగిన థెరపిస్టుకు విలువ పెరుగుతుంది. ఇప్పటి సెంటర్లలో ఎక్కువగా నేర్పనిది సరిగ్గా అదే.

విదేశం లక్ష్యమైతే

అమెరికా జీతాలు ఆకర్షణీయమే. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ లెక్కలో 2023 మే నాటికి ఆక్యుపేషనల్ థెరపిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 96,370 డాలర్లు. దారి మాత్రం సన్నగిల్లింది. 2007 నుంచి అక్కడ ఈ వృత్తిలో ప్రవేశానికి డిగ్రీ పైస్థాయి చదువు కావాలి కాబట్టి బీఓటీ ఒక్కటే చాలదు. అర్హత పరిశీలన, ఆపై ఎన్‌బీసీఓటీ అనే జాతీయ ధ్రువీకరణ పరీక్ష, ఆపై రాష్ట్ర లైసెన్సు. నర్సులు, ఫిజియోథెరపిస్టులు అమెరికా కార్మిక శాఖ ‘షెడ్యూల్ ఎ’ జాబితాలో ఉండటం వల్ల గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక మెట్టు తప్పుతుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ జాబితాలో లేరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులపై ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము ఈ దారిని ఇంకా ఇరుకు చేసింది.

విభాగం ఎంపికపై దీని ప్రభావం రెండు రకాలు. ఎన్‌బీసీఓటీ పరీక్ష అన్ని విభాగాల మీదా ఉంటుంది కాబట్టి, పట్టా తర్వాత ఐదేళ్లు పిల్లల సెంటరు దాటనివారికి పెద్దవారి హృద్రోగం, చెయ్యి, మానసిక వ్యాధుల ప్రశ్నలు కొత్తగా చదువుకోవాల్సి వస్తుంది. రెండోది, విభాగం ముద్రలు అక్కడ లైసెన్సు తర్వాతి సంగతి. ఉదాహరణకు సర్టిఫైడ్ హ్యాండ్ థెరపిస్టు గుర్తింపు పరీక్ష రాయాలంటే కనీసం 3 ఏళ్ల వృత్తి అనుభవం, నేరుగా చేతి చికిత్సలో 4,000 గంటలు ఉండాలి.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. రిజిస్ట్రేషన్ వృత్తి పేరుతోనే. ప్రభుత్వ ఆరోగ్య సేవలో కొత్తవారికి చాలాచోట్ల రొటేషన్ ఉద్యోగాలు ఉంటాయి: కొన్ని నెలలు పక్షవాతం వార్డు, కొన్ని నెలలు మానసిక ఆరోగ్యం, కొన్ని నెలలు ఇళ్లకు వెళ్లే బృందం. తర్వాతి గ్రేడులో విభాగం ఖాయమవుతుంది. మన వ్యవస్థలో లేనిది సరిగ్గా ఈ మధ్య మెట్టే.

ఎంఓటీ ఎప్పుడు, మారడం ఎంత కష్టం

డిగ్రీ అయిన వెంటనే ఎంఓటీలో చేరితే విభాగం ఎంపిక ఇంటర్న్‌షిప్‌లోని కొన్ని వారాల అనుభవం మీద, లేదంటే ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద ఆధారపడుతుంది. ఏడాది రెండేళ్లు పనిచేసి చేరితే ఏ రోగుల మధ్య రోజంతా ఉండగలరో తెలుస్తుంది. రెండోది మేలన్నది సహేతుకమైన అభిప్రాయం. కానీ ఉద్యోగంలో పడ్డాక చదువు వాయిదా పడటం, ఇంట్లో ఒత్తిడి నిజాలే. తెలుగు రాష్ట్రాల్లో ఈ కళాశాలలు ఫిజియోథెరపీ కళాశాలల ముందు చాలా తక్కువ. కటక్, కోల్‌కతా, వెల్లూరు, మణిపాల్, చెన్నై వెళ్లాల్సి రావడం కూడా లెక్కలోనిదే. బోధనలో ఉండాలనుకుంటే ఎంఓటీ తప్పదు. సొంత సెంటరు ఆలోచన ఉన్నవారికి అంత తొందర లేదు.

మారే కష్టం అన్ని వైపులా సమానం కాదు. న్యూరో నుంచి వృద్ధుల వైపు తేలిక. సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేసినవారు పెద్దల న్యూరోకి కొంత కష్టంతో వెళ్లగలరు. ఆటిజం ఒక్కటే చూసినవారికి ఐసీయూ గొట్టాల మధ్య రోగిని కదిలించడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన పని. చెయ్యి విభాగానికి బయటి నుంచి ఎవరు వచ్చినా స్ప్లింట్ చేయడం చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఈ లెక్కన చూస్తే, ఏ విభాగమో ఇంకా తేల్చుకోనివారికి పలు విభాగాలున్న పునరావాస ఆసుపత్రిలో తక్కువ జీతపు మొదటి ఉద్యోగం, ఒకే రకం పిల్లలను చూసే సెంటరులోని ఎక్కువ జీతం కన్నా తలుపులు తెరిచి ఉంచుతుంది.

అది దొరకనప్పుడు ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. జీతం, సెలవులతో పాటు రోజుకు ఎన్ని సెషన్లు, పరీక్షకు, రాతకు విడిగా సమయం ఉందా, పైన అనుభవజ్ఞులైన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారా లేక మేనేజరు మాత్రమేనా, వారానికి ఒక్కసారైనా కేసు చర్చ జరుగుతుందా, ఇంటికో బడికో వెళ్లడం పనిలో భాగమా అన్నవి తెలుసుకోవాలి. కొన్ని చోట్ల శిక్షణ పేరుతో బాండు రాయించుకుని అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోవాలని చూస్తారు. ఆ శిక్షణ ఎవరు ఇస్తారు, ఎన్ని గంటలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నవి కాగితం మీద ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి. పట్టా అసలు ప్రతి ఎవరి చేతికీ ఇవ్వకూడదు. రిజిస్ట్రేషన్‌కు, ఎంఓటీ ప్రవేశానికి, విదేశీ అర్హత పరిశీలనకు ఆ కాగితాలే కావాలి.